గుర్రం ఎంత ఎత్తుండాలి? స్వారీ పద్ధతులూ గుర్రాల కట్టుబడీ

మూసీ_రౌతు:

సభ్యులందరికీ నమస్కారం. నేను హైదరాబాదు శివార్లలోని ఒక స్వారీ శిక్షణ శాలలో కొంతకాలంగా నేర్చుకుంటున్నాను. అక్కడున్నవన్నీ పందేల నుంచి విరమించిన థరోబ్రెడ్ గుర్రాలే. మూపు దగ్గర కొలిస్తే 160 సెంటీమీటర్లకు తగ్గినది ఒక్కటీ లేదు. ఎత్తైన గుర్రమే మేలైన గుర్రమనీ, పొట్టివి పిల్లలకూ పెళ్ళి ఊరేగింపులకూ తప్ప పనికిరావనీ అక్కడ చాలామంది గట్టిగా నమ్ముతారు. కాని ఐస్‌లాండులో ఆరడుగుల మనుషులు 135 సెంటీమీటర్ల గుర్రాల మీద రోజంతా ప్రయాణిస్తారు. మంగోలులు దాదాపు అంతే ఎత్తున్న గుర్రాలతో చైనా నుంచి హంగరీ దాకా దండెత్తారు. జర్మనీ క్రీడాశ్వాలు మాత్రం 170 సెంటీమీటర్లను కూడా దాటుతున్నాయి. మనిషిని వీపు మీద మోయడమనే పని ఒక్కటే అయినప్పుడు ఇంత తేడా ఎందుకు వచ్చింది? వాతావరణం వల్లనా, మేత వల్లనా, యుద్ధ పద్ధతుల వల్లనా, లేక పెంపకందారుల అభిరుచి మాత్రమేనా? తెలిసినవారు వివరంగా రాయగలరని ఆశిస్తున్నాను.

డాలస్_జీను:

మీ ప్రశ్నలోనే ఒక చిక్కుంది. మనిషిని మోయడం అన్ని సంప్రదాయాల్లోనూ ఒకే పని కాదు. నేను టెక్సస్‌లో క్వార్టర్ హార్స్‌ల మీద స్వారీ చేస్తాను కాబట్టి నాకు దగ్గరగా తెలిసినదాంతో మొదలుపెడతాను.

క్వార్టర్ హార్స్ సాధారణంగా 145 నుంచి 160 సెంటీమీటర్ల ఎత్తుంటుంది. పావు మైలు దూరంలో దీన్ని మించిన వేగం మరే జాతికీ లేదు. పేరు కూడా ఆ పందెం నుంచే వచ్చింది. పశువుల మందలోంచి ఒక్క దూడను విడదీసి, అది మళ్ళీ మందలో కలవకుండా అడ్డుకోవడం ఈ గుర్రం పని. దూడ ఎటు తిరిగితే గుర్రం అటు క్షణంలో తిరగాలి, నిలబడ్డ చోటి నుంచి ఒక్క ఊపున పరుగెత్తాలి, వెనుక కాళ్ళ మీద కూర్చున్నట్టు వంగి చటుక్కున ఆగాలి. ఇందుకు పొడవాటి కాళ్ళు అడ్డమే అవుతాయి. దేహం బరువు నేలకు దగ్గరగా ఉండాలి, వీపు కురచగా ఉండాలి, తొడలూ పిరుదులూ దట్టమైన కండతో నిండి ఉండాలి. ఉచ్చు వేసి పట్టిన ఎద్దును జీను ముందున్న కొమ్ముకు తాడు చుట్టి నిలబెట్టేటప్పుడు ఆ లాగుడంతా గుర్రం వీపు మీదే పడుతుంది. అందుకే ఆ జీను బరువు 15 కిలోలు, ఒక్కోసారి 20 కిలోలు కూడా ఉంటుంది. అంత బరువున్నా అది వీపు మీద విశాలమైన మేర పరుచుకుంటుంది కాబట్టి ఒత్తిడి ఒక్కచోట పడదు. రౌతు పొడవైన రికాబుల్లో కాళ్ళు చాపి, గంటల తరబడి హాయిగా కూర్చుంటాడు, పగ్గాలు ఒక చేత్తోనే పట్టుకుంటాడు.

ఈ పద్ధతి అమెరికాలో పుట్టినది కాదు, మెక్సికో మీదుగా స్పెయిన్ నుంచి వచ్చింది. స్పెయిన్‌లో రెండు స్వారీలుండేవి. బరువైన కవచంతో కాళ్ళు చాపి కూర్చునేది ఒకటి, ఉత్తర ఆఫ్రికా ముస్లిం రౌతుల నుంచి నేర్చిన, పొట్టి రికాబుల్లో మోకాళ్ళు మడిచి చురుగ్గా తిప్పే తేలిక స్వారీ మరొకటి. ఆ రెండింటికీ పనికివచ్చిన ఆండలూసియా గుర్రం ఇప్పటికీ 155 సెంటీమీటర్ల చుట్టుపక్కలే ఉంటుంది.

ఇంగ్లండులో కథ వేరు. 18వ శతాబ్దంలో పొలాలకు కంచెలు వేసి ఆవరణలు చేయడం పెరిగేకొద్దీ, నక్కల వేటకు వెళ్ళే రౌతు పొదల కంచెలనూ కందకాలనూ దాటుకుంటూ మైళ్ళ తరబడి దౌడు తీయవలసి వచ్చింది. అక్కడ పొడవైన అంగ, ఏటవాలు భుజం, ఎత్తైన మూపు, లోతైన ఛాతీ కావలసి వచ్చాయి. బైయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్ అనే మూడు తూర్పు దేశపు మగగుర్రాలను స్థానిక ఆడగుర్రాలతో కలపడం వల్ల వచ్చిన థరోబ్రెడ్ ఆ అవసరానికి సరిగ్గా సరిపోయింది. మీ శిక్షణ శాలలో ఉన్నవి దాని సంతతే. కాబట్టి మీ శాలలోని వారు ఎత్తును మేలుగా చూడటానికి కారణం ఆ ఇంగ్లీషు పద్ధతేగాని, గుర్రపు స్వభావం కాదని నా అభిప్రాయం.

పశువైద్య_కర్నూలు:

డాలస్ గారు కట్టుబడి గురించి చెప్పింది నిజం. దానికి శరీరశాస్త్రం వైపు నుంచి కొంత చేర్చవలసి ఉంది, ఎందుకంటే బరువు మోసే శక్తి విషయంలోనే మన వాళ్ళలో అపోహలు ఎక్కువ.

గుర్రం ఎత్తు పెరిగినప్పుడు దాని సొంత బరువు ఎత్తు ఘనానికి అనుగుణంగా పెరుగుతుంది, ఎముకల, కండరాల అడ్డుకోత మాత్రం ఎత్తు వర్గానికి అనుగుణంగానే పెరుగుతుంది. అంటే ఎత్తైన గుర్రం తన సొంత దేహాన్ని మోయడానికే తన బలంలో ఎక్కువ పాలు ఖర్చు చేస్తుంది. పొట్టి గుర్రాలు తమ బరువుతో పోల్చినప్పుడు ఎక్కువ మోయగలగడానికి ఇది మొదటి కారణం. రెండవది నడుము. చివరి పక్కటెముకకూ కటి ఎముకకూ మధ్య ఉన్న భాగానికి కింద నుంచి ఏ ఆధారమూ ఉండదు. ఆ భాగం కురచగా, వెడల్పుగా ఉంటే వీపు వంగకుండా నిలుస్తుంది, పొడవుగా, సన్నగా ఉంటే ఎంత ఎత్తైన గుర్రమైనా త్వరగా నొప్పి పడుతుంది. మూడవది ముందు మోకాలికి దిగువనున్న ఎముక చుట్టుకొలత. నేను గుర్రాన్ని పరీక్షించేటప్పుడు ఎత్తుకంటె ముందు ఈ రెండు చోట్లే చూస్తాను.

రౌతు, జీను కలిపి గుర్రం బరువులో ఇరవై శాతానికి మించకూడదన్నది ఇప్పుడు విస్తృతంగా పాటిస్తున్న సూచన. 330 నుంచి 380 కిలోలుండే ఐస్‌లాండ్ గుర్రం ఈ లెక్కన 66 నుంచి 76 కిలోలే మోయాలి, కాని అంతకు మించి మోయడం అక్కడ సర్వసాధారణం. కురచ వీపు, బలమైన నడుము, నాలుగేళ్ళు దాటేదాకా స్వారీకి పెట్టని ఓపిక, ఇవన్నీ దానికి తోడ్పడతాయి. నాజూకైన కాళ్ళున్న 500 కిలోల పందెపు గుర్రం అదే శాతాన్ని అంత సులువుగా భరించదు.

వేడి కూడా ఇందులో పాత్ర వహిస్తుంది. దేహం సన్నగా ఉన్నకొద్దీ బరువుతో పోల్చితే చర్మం విస్తీర్ణం ఎక్కువై, వేడి త్వరగా బయటికి పోతుంది. అరబ్బీ, మార్వాడీ గుర్రాలు పలుచని చర్మంతో సన్నగా ఉండటానికీ, ఐస్‌లాండ్, మంగోలియా గుర్రాలు గుండ్రని పొట్టతో, పొట్టి కాళ్ళతో, దట్టమైన బొచ్చుతో ఉండటానికీ ఇది ఒక ముఖ్య కారణం.

కోటగుమ్మం:

పెద్దలు చెప్పినవి బాగున్నాయి గాని, యుద్ధాన్ని మరచిపోతున్నారు. ఐరోపాలో నిలువెల్లా ఇనుప కవచం తొడిగిన రౌతులను మోసినవి మహాకాయమైన గుర్రాలే కదా? ఎత్తుకు విలువ లేకపోతే రాజులు అలాంటి గుర్రాల కోసం అంత ధనం ఎందుకు వెచ్చించారు? మన విజయనగర రాయలు కూడా స్థానిక గుర్రాలను కాదని అరేబియా గుర్రాలకు రాశులు పోశారు.

తుంగభద్ర_తీరం:

కోటగుమ్మం గారూ, మీరు లేవనెత్తిన రెండు సంగతులూ ముఖ్యమైనవే, కాని రెండూ మీరు అనుకున్న వైపు నడవవు.

మొదట ఐరోపా. ఎక్సెటర్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇంగ్లండులోని తవ్వకాలలో దొరికిన మధ్యయుగపు గుర్రాల ఎముకలను పెద్ద సంఖ్యలో కొలిచి చూశారు. వాటిలో అత్యధికం 147 సెంటీమీటర్లకు లోపే ఉన్నాయి, అంటే నేటి అంతర్జాతీయ కొలమానంలో పోనీలుగా, అంటే పొట్టి గుర్రాలుగా లెక్కకు వచ్చేవి. సినిమాల్లో కనిపించే బండి గుర్రాల వంటి భారీకాయాలు ఆ కాలపు యుద్ధభూమిలో లేవు. ఎనిమిదవ హెన్రీ కాలంలో 1540లో ఇంగ్లండులో చట్టం తెచ్చి, 13 హ్యాండ్ల లోపు ఆడగుర్రాలనూ 15 హ్యాండ్ల లోపు మగగుర్రాలనూ ఉమ్మడి బీళ్ళలో వదలకుండా ఆంక్షలు పెట్టారు. ఒక హ్యాండు నాలుగు అంగుళాలు కాబట్టి 15 హ్యాండ్లంటే 152 సెంటీమీటర్లు. ఒక బలమైన రాజ్యం చట్టం చేసి మరీ సాధించాలనుకున్న ఎత్తు అంతమాత్రమే!

ఇక విజయనగరం. కృష్ణదేవరాయలు ఏటా హోర్ముజ్ గుర్రాలు 13,000 కొనేవాడని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. అంతకుముందు సాళువ నరసింహరాయలు బతికిన గుర్రానికీ చనిపోయిన గుర్రానికీ ఒకే వెల కట్టి, సముద్రంలో చచ్చిపోయిన గుర్రం తోకను తెచ్చి చూపినా సొమ్ము చెల్లించేవాడని కూడా ఆయనే రాశాడు. దూరదేశాల నుంచి ఏనుగులనూ మేలైన గుర్రాలనూ తెచ్చే వర్తకులకు ఊళ్ళూ ఇళ్ళూ ఇచ్చి, కానుకలతో ఆదరించి, ఆ జంతువులు శత్రువుల చేతికి పోకుండా చూడాలని రాయలవారే ఆముక్తమాల్యదలో చెప్పారు. హంపిలో మహానవమి దిబ్బ మీద గుర్రాలను వెంటబెట్టుకొచ్చిన విదేశీ వర్తకుల శిల్పాలు ఇప్పటికీ చూడవచ్చు.

అయితే ఆ గుర్రాలు ఎత్తు కోసం కొన్నవి కావు. అరబ్బీ గుర్రం సగటున 150 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది, కాబట్టి నేటి థరోబ్రెడ్ పక్కన అది చిన్నదే. దాని విలువ ఓర్పులో, గట్టి ఎముకలో, వేడిని తట్టుకునే గుణంలో ఉంది. దక్షిణాపథంలో వానలు పడే ఉష్ణప్రాంతాలలో మంచి గుర్రాలు పుట్టవన్నది ఆ రోజుల్లో అందరికీ తెలిసిన విషయం. పెద్ద ఆడగుర్రాన్ని పెద్ద మగగుర్రంతో కలిపినా పుట్టేది వంకర కాళ్ళున్న చిన్న పిల్లేనని మార్కో పోలో తమిళ తీరం గురించి రాశాడు. అందుకే కొనుగోలు ఆగితే సైన్యమే ఆగిపోయేది. ఆ బాధ తెలిసిన రాజులు తోకకు కూడా సొమ్ము ఇచ్చారంటే నాకు ఆశ్చర్యం కలగదు.

ఇదే దక్కనులో మరాఠాలు మరో దారి పట్టారు. భీమా నది పరివాహక ప్రాంతంలో అరబ్బీ రక్తాన్ని స్థానిక గుర్రాలతో కలిపి, చిన్నవైనా అలుపెరగని భీమ్‌థడి గుర్రాలను తయారుచేసుకున్నారు. తక్కువ మేతతో, తక్కువ సామానుతో, కొండల్లో వేగంగా సాగే సేనకు అవి సరిపోయాయి. ఇటీవలనే వీటిని ప్రత్యేక జాతిగా అధికారికంగా గుర్తించడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. ఎందుకంటే పేరు లేని గుర్రాన్ని ఎవరూ కాపాడరు.

డాలస్_జీను:

మంగోలుల సంగతి ఎవరైనా రాస్తారేమోనని ఎదురుచూశాను. అది ఈ చర్చకు కేంద్రమని నా భావన.

మంగోలు గుర్రం 122 నుంచి 142 సెంటీమీటర్ల ఎత్తే ఉంటుంది. తల పెద్దది, మెడ పొట్టి, కాళ్ళు కురచ. అందం కోసం వెతికేవారికి అందులో ఏమీ దొరకదు. అది శీతకాలంలో మంచును గిట్టతో తవ్వుకుని అడుగున ఉన్న గడ్డి తింటుంది, ఎవరూ ధాన్యం పెట్టనక్కరలేదు. ఒక్కొక్క యోధుడు వెంట మరికొన్ని గుర్రాలను తోలుకెళ్ళి, ఒకటి అలసితే మరొకటి ఎక్కేవాడు. గుర్రపు శక్తిని ఒక్క పెద్ద దేహంలో కూడబెట్టకుండా అనేక చిన్న దేహాలలో పంచుకున్న పద్ధతి ఇది. థరోబ్రెడ్ సేనకైతే వెనుక ధాన్యపు బండ్లు రావలసిందే. వారి జీను కొయ్యతో చేసినది, రికాబులు పొట్టివి. రౌతు దౌడులో రికాబుల మీద లేచి నిలబడతాడు కాబట్టి కుదుపు అతని మోకాళ్ళలోనే ఆగిపోతుంది, విల్లు ఎక్కుపెట్టడానికి నడుము పైభాగం కదలకుండా ఉంటుంది. నేటి నాదమ్ పండుగ పందేలలో పిల్లలు రౌతులుగా 15 నుంచి 30 కిలోమీటర్ల దాకా పరుగెత్తించే గుర్రాలు ఇవే.

ఐస్‌లాండులో నడకే వేరు. ఆ గుర్రానికి తోల్ట్ అనే ప్రత్యేక గతి ఉంది. అందులో నాలుగు కాళ్ళూ ఒకదాని తరువాత ఒకటి పడతాయి, ఎప్పుడూ కనీసం ఒక కాలైనా నేలను తాకి ఉంటుంది. ఎంత వేగంగా వెళ్ళినా రౌతు పైకి ఎగరడు. రాళ్ళూ లావా నేలా ఉన్న దేశంలో రోజంతా కూర్చోవడానికి అంతకంటె ఏం కావాలి? వెయ్యేళ్ళకు పైగా బయటి గుర్రాలను ఆ దీవిలోకి రానివ్వకపోవడం వల్ల, ఒకసారి దేశం దాటిన గుర్రాన్ని తిరిగి రానివ్వకపోవడం వల్ల ఆ కట్టుబడి చెక్కుచెదరలేదు. మార్వాడీ గుర్రానికి ఉన్న రేవాల్ నడక కూడా ఈ కోవలోనిదే.

కొలకత్తా_మైదానం:

ఎత్తు అవసరాన్నిబట్టి ఎలా పెరిగిందో తెలియాలంటే పోలో చరిత్ర చూడండి. మణిపురివాళ్ళు పోలోకు మూలమైన సగోల్ కాంగ్‌జై అనే ఆట ఆడే గుర్రాలు 112 నుంచి 132 సెంటీమీటర్లే. తేయాకు తోటల ఆంగ్లేయులు వారిని చూసి నేర్చుకుని 1859లో సిల్చార్‌లో క్లబ్బు పెట్టారు. ఆట ఇంగ్లండుకు చేరాక 1876లో గుర్రం ఎత్తు 14 హ్యాండ్లు మించరాదని నిబంధన పెట్టారు. తరువాత దాన్ని రెండు అంగుళాలు పెంచారు, చివరికి 1919లో ఆ నిబంధననే తీసేశారు. ఆ మీదట అర్జెంటీనాలో క్రియోల్లో అనే స్థానిక జాతి ఆడగుర్రాలను థరోబ్రెడ్‌లతో కలిపి వేగాన్ని పెంచారు. అయినా పోలో గుర్రం నేటికీ 160 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతుంది. అంతకు మించితే బంతిని కొట్టే కర్ర ఇంకా పొడవు కావాలి, గుర్రం తిరగడానికి ఇంకా చోటు కావాలి. ఆటకు మూలమైన మణిపురి గుర్రాలు మాత్రం మేత బీళ్ళు కరిగిపోయి తరిగిపోతున్నాయి. ఇది మనసును కలచివేసే సంగతి.

కోటగుమ్మం:

తుంగభద్ర గారి సమాధానానికి కృతజ్ఞతలు. ఎముకల ఆధారం బలమైనదే. అయినా ఒక సందేహం మిగిలింది. ఒలింపిక్ దుముకు పోటీలలోనూ, గుర్రం చేత నడకలూ విన్యాసాలూ చేయించే డ్రెస్సాజ్‌లోనూ గెలిచేవన్నీ పెద్ద గుర్రాలే కదా?

డాలస్_జీను:

ఎక్కువగా పెద్దవే, అన్నీ కావు. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో మారియన్ కోక్స్ స్ట్రోలర్ అనే 145 సెంటీమీటర్ల పోనీ మీద వ్యక్తిగత దుముకు పోటీలో రజతం గెలిచింది. 1988 సియోల్‌లో పియెర్ దురాన్‌కు స్వర్ణం తెచ్చిన జాప్లూ 158 సెంటీమీటర్లది. 1960 రోమ్‌లో డ్రెస్సాజ్ స్వర్ణం తెచ్చినది తుర్క్‌మెన్ అఖల్‌టెకే జాతికి చెందిన అబ్సెంట్, జర్మన్ గుర్రం కాదు.

హానోవర్, హోల్‌స్టైన్ వంటి జర్మన్ జాతులు పెద్దవి కావడానికి వాటి పుట్టుకే కారణం. అవి పొలానికీ బగ్గీకీ సైన్యానికీ పెంచినవి. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ట్రాక్టర్లు వచ్చి పని పోయినప్పుడు, వాటిలో థరోబ్రెడ్, ట్రాకెనర్ జాతుల రక్తాన్ని చేర్చి క్రీడలకు మలిచారు. పెద్ద అంగ, ఎగసే నడక నేటి న్యాయనిర్ణేతలకు నచ్చుతాయి. కాని డ్రెస్సాజ్‌కు తల్లి వంటి వియన్నా స్పానిష్ రైడింగ్ స్కూలులో నేటికీ లిపిజానర్ గుర్రాలనే వాడుతున్నారు, అవి 148 నుంచి 158 సెంటీమీటర్లే. ముందు కాళ్ళు మడిచి వెనుక కాళ్ళ మీద నిలిచే లవాద్, గాలిలోకి ఎగిరి వెనుక కాళ్ళు చాచే కాప్రియోల్ వంటి విద్యలకు కురచ వీపూ ఉక్కు వంటి నడుమూ కావాలి. 170 సెంటీమీటర్ల దేహాన్ని అలా మడవటం చాలా కష్టం.

పాడేరు_దారి:

ఇంత చర్చలో మన కొండల గుర్రాలను ఎవరూ తలచుకోలేదు కాబట్టి రాస్తున్నాను. మా మన్యంలో రోడ్డు లేని ఊళ్ళ నుంచి వారపు సంతకు కాఫీ, పసుపు, రాజ్‌మా బస్తాలు దిగేది పొట్టి గుర్రాల వీపుల మీదే. తిరుగు ప్రయాణంలో బియ్యం, ఉప్పు, నూనె ఎక్కేదీ వాటి మీదే. వాటికి జాతి పేరు లేదు, కొలతల పుస్తకం లేదు. నిటారు కొండదారిలో, వానకు జారే బండల మీద పొడవు కాళ్ళ గుర్రం నాలుగడుగులు కూడా వేయలేదు. ఇవి మాత్రం తోవ తామే ఎంచుకుంటూ దిగుతాయి. నగరాల శిక్షణ శాలల్లో వీటిని గాడిదలతో పోల్చి తీసిపారేయడం విన్నప్పుడు బాధ కలుగుతుంది. రాష్ట్ర పశుసంవర్ధక శాఖ ఒక్కసారి వీటిని కొలిచి నమోదు చేస్తే బాగుండునని నా కోరిక.

మూసీ_రౌతు:

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఒక ఆచరణాత్మక ప్రశ్నతో ముగిస్తాను. నా బరువు 82 కిలోలు. సొంతంగా ఒక మార్వాడీ పిల్లగుర్రాన్ని కొని పెంచాలని అనుకుంటున్నాను. అమ్మేవారు తవుడు, ఉలవలు బాగా పెడితే 160 సెంటీమీటర్లు దాటుతుందని హామీ ఇస్తున్నారు. నాకు సరిపోతుందా?

పశువైద్య_కర్నూలు:

ఆ హామీని నమ్మకండి. ఎత్తు చాలావరకు తల్లిదండ్రుల నుంచి వస్తుంది, మేతతో దాన్ని చేరుకోవచ్చుగాని దాటలేము. పైగా తవుడులో భాస్వరం చాలా ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. ఎదిగే పిల్లకు దాన్నే ప్రధానంగా పెడితే దేహం ఎముకల్లోంచి కాల్షియాన్ని లాగేసుకుంటుంది, ఎముకలు గుల్లబారి, దవడలు ఉబ్బి, కాళ్ళు వంకర పోతాయి. మార్కో పోలో చూసిన వంకర కాళ్ళకు ఇలాంటి మేతే ఒక కారణమై ఉండవచ్చని నా ఊహ. పచ్చిమేతలో లూసర్న్ అనే పశుగ్రాసం చేర్చండి, తవుడు తగ్గించండి, ఖనిజ మిశ్రమం వైద్యుని సలహాతో ఇవ్వండి.

మీ బరువుకు జీను మరో 8 కిలోలు కలిపితే 90 అవుతుంది. ఇరవై శాతం లెక్కన 450 కిలోల గుర్రం కావాలి. తూకపు యంత్రం అందుబాటులో లేకపోతే టేపుతో అంచనా వేయవచ్చు. ముందు కాళ్ళ వెనుకగా ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో తీసి, దాన్ని దానితోనే గుణించి, భుజం కొన నుంచి పిరుదు కొన దాకా ఉన్న పొడవుతో మళ్ళీ గుణించి, 11,880తో భాగిస్తే కిలోలు వస్తాయి. చుట్టుకొలత 170, పొడవు 155 ఉన్న సన్నని గుర్రం 377 కిలోలే తూగుతుంది, మీకు చాలదు. చుట్టుకొలత 185, పొడవు 165 ఉంటే 475 వస్తుంది, నిశ్చింతగా ఎక్కవచ్చు. పిల్లను కొనేముందు దాని తల్లినీ తండ్రినీ ఇలా కొలవండి, తల్లి నడుము వెడల్పునూ మోకాలి దిగువ ఎముకనూ చేత్తో తడిమి చూడండి. వెన్నెముకలోని ఎదుగుదల పలకలు పూర్తిగా గట్టిపడటానికి అయిదేళ్ళు దాటుతుంది కాబట్టి నాలుగేళ్ళ లోపు జీను వేయవద్దు, ఆ తరువాత కూడా మొదటి ఏడాది మీకంటె తేలికైన రౌతు చేత నడిపించండి.